మూడో కుక్క వచ్చిన తొమ్మిదో రోజు, వంటింటి గడప దగ్గర యుద్ధం

ఉప్పుగాలి · విశాఖపట్నం · జులై 26, రాత్రి 9:50

అందరికీ నమస్కారం. చాలాకాలంగా ఇక్కడ చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదటిసారి. కాస్త పెద్దగానే ఉంటుంది, ఓపిక పట్టండి.

మా ఇంట్లో ఇదివరకే రెండు కుక్కలున్నాయి. బండోడు తొమ్మిదేళ్ల లాబ్రడార్, ఒళ్లు పెరిగి నడుం పట్టేసిన పెద్దమనిషి. చిట్టి ఐదేళ్ల స్పిట్జ్, ఆడది. ఇల్లు తనదేననీ మేము అద్దెకున్నామనీ దాని నమ్మకం. రెండింటికీ ఆపరేషన్లు అయ్యాయి, టీకాలు ఏటా వేయిస్తున్నాం.

ఈ ఆషాఢ పౌర్ణమికి సింహాచలం గిరిప్రదక్షిణకు వెళ్లాం. ఆ 32 కిలోమీటర్లలో ఎక్కడ కలిసిందో గాని, ఒక ఎర్రటి నాటుకుక్క కుంటుకుంటూ మా వెనకే వచ్చింది. అంత జనంలో, అన్ని కాళ్ల మధ్య, మా అత్తగారి చీర కుచ్చెళ్లనే గుర్తు పెట్టుకుని నడిచింది. వీధికుక్కలకు అన్నం పెట్టే స్నేహితురాలొకరు వారం రోజులు తన షెడ్డులో ఉంచి కాలికి వైద్యం చేయించారు. ఎవరూ ముందుకు రాలేదు. జులై 17న మేమే తెచ్చుకున్నాం. అప్పన్న దారిలో దొరికింది కాబట్టి అత్తగారు వరాలు అని పేరు పెట్టారు. రెండేళ్లుంటాయన్నారు.

తెచ్చిన రోజే గేటు తీసి మూడింటినీ కలిపి వదిలేశాం. వాసన చూసుకున్నాయి, తోకలు ఊపుకున్నాయి. ఫొటోలు తీసి చుట్టాలందరికీ పంపాం. వారం రోజులు ఇంట్లో చప్పుడే లేదు. ఎంత మంచి కుక్కో అని మురిసిపోయాం.

నిన్న సాయంత్రం అత్తగారు దోసెలు పోస్తున్నారు. గడపకు ఇటు చిట్టి, అటు వరాలు. పెనం మీద నుంచి తీస్తుంటే అరచేతి వెడల్పు ముక్క జారి సరిగ్గా గడప మీద పడింది. అర నిమిషం కూడా పట్టలేదేమో, నాకైతే గంటలా ఉంది. మావారు మధ్యలో చేయి పెట్టారు. అరచేతిలో రెండు పళ్లు దిగాయి, ఏ కుక్క పళ్లో తెలియదు. చిట్టి చెవి చీలి మూడు కుట్లు పడ్డాయి. వరాలు దవడ మీద చిల్లు. బండోడు మూలన నిలబడి మొరుగుతూ అక్కడే మూత్రం పోసుకున్నాడు.

ఇప్పుడు వరాలు మేడమీద గదిలో ఉంది. చిట్టి మెట్ల కింద కూర్చుని పైకి చూసి గుర్రుమంటోంది. ‘వారం చూద్దాం, కుదరకపోతే వేరే ఇల్లు వెతుకుదాం’ అంటున్నారు మావారు. అంతా తన దోసె వల్లే అని అత్తగారు ఈ పూట అన్నం మానేశారు. ఏం చేయాలి?

పశువైద్యం_ఓరుగల్లు · జులై 26, రాత్రి 10:15

కుక్కల సంగతి తరవాత. ముందు మీవారి చేయి.

ఏ కుక్క కరిచిందో తెలియదంటున్నారు. అందులో ఒకటి మొన్నటిదాకా రోడ్డు మీద తిరిగినది. కుళాయి కింద సబ్బుతో పావుగంట కడగాలి. నిన్న కడగకపోతే ఇప్పుడైనా కడగండి. పసుపు, సున్నం, కారం ఏవీ పెట్టవద్దు. తోలు తెగి రక్తం వచ్చింది కాబట్టి ఇది మూడో శ్రేణి గాయం. అంటే రేబిస్ టీకాతో పాటు గాయంలోనూ దాని చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ (వెంటనే రక్షణ ఇచ్చే సిద్ధమైన ప్రతిరక్షకాల ఇంజెక్షన్) కూడా ఇవ్వాలి. ఇంటి కుక్కేలే అని ఊరుకోకండి. పది రోజులు కుక్కలను గమనించాలన్న మాట నిజమే, కానీ అది టీకా ఆపి ఎదురుచూడమని చెప్పడం కాదు. ముందు టీకా, పక్కనే గమనింపు. పెద్ద ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లండి, ఉచితంగా ఇస్తారు.

చిట్టికి, బండోడికి కూడా బూస్టర్ వేయించండి. వరాలుకు టీకా పడిందా? పడిందని ఎవరో చెబితే చాలదు, కార్డు ఉండాలి. లేకపోతే పడనట్టే లెక్క. రోడ్డు మీద ఎప్పుడైనా కాటు తిని ఉంటే రేబిస్ నెలల తరవాత కూడా బయటపడవచ్చు.

ఉప్పుగాలి · జులై 27, మధ్యాహ్నం 2:10

డాక్టరుగారూ, పొద్దున్నే వెళ్లాం. మొదటి మోతాదు ఇచ్చారు, మిగతావి 3, 7, 28 రోజులకు. గాయం చుట్టూ ఇచ్చిన ఇంజెక్షన్లకు మావారు కళ్లనీళ్లు పెట్టుకున్నారు, ఇది ఇక్కడ రాయవద్దన్నారు. వరాలుకు కార్డు లేదు. సాయంత్రం తీసుకెళ్తున్నాం.

తెనాలిపెద్దమ్మ · జులై 27, మధ్యాహ్నం 3:30

అమ్మాయీ, మీ అత్తగారిని అన్నం తినమను. దోసె తప్పు కాదు, గడప తప్పు. నా ఇంట్లో ఐదు కుక్కలున్నాయి. నలభై ఏళ్లలో నేను చూసిన గొడవల్లో మూడొంతులు గడపల దగ్గర, మెట్ల మొదట్లో, మంచానికీ గోడకూ మధ్య సందులో జరిగినవే. తప్పుకోవడానికి చోటు లేనిచోట కుక్కకు మిగిలేది నోరే.

నువ్వేమో వారం రోజులు చప్పుడు లేదని మురిసిపోయావు. అది మంచితనం కాదమ్మా, బెదురు. కొత్త కోడలు మొదటి వారం ఏం మాట్లాడుతుంది? ఎనిమిదో రోజు నుంచి కదా అసలు మనిషి బయటపడేది.

ఒక్క మాట అడుగుతాను, బాగా గుర్తు చేసుకుని చెప్పు. దోసె పడకముందు చిట్టి నోరు తెరిచి ఉందా, మూసి ఉందా?

గట్టిపిడి · జులై 27, సాయంత్రం 6:05

ఇంత చర్చ అనవసరం. ఇంట్లో నాయకులు ఎవరో కుక్కలకు తెలియడం లేదు, అదే అసలు సమస్య. మందలో ఒక్కడే అధిపతి ఉండాలి, అది మీరే కావాలి. గుర్రుమన్న వెంటనే మెడ పట్టి వెల్లకిలా పడేసి లొంగేదాకా అదిమిపెట్టండి. రెండుసార్లు చేస్తే చాలు. మా నాన్నగారు నాలుగు అల్సేషియన్లను అలాగే పెంచారు.

ఆస్టిన్_ఆవకాయ · జులై 27, రాత్రి 8:40

గట్టిపిడిగారూ, దయచేసి ఆ సలహా వెనక్కి తీసుకోండి. కుట్లు పడిన చెవితో నొప్పిగా ఉన్న కుక్కను వెల్లకిలా అదిమితే తరవాతి కాటు ముఖానికి పడుతుంది.

ఆ ‘అధిపతి’ కథ ఎక్కడ మొదలైందో చెబుతాను. 1947లో రుడాల్ఫ్ షెంకెల్ అనే ఆయన స్విట్జర్లాండ్‌లోని బాసెల్ జంతుప్రదర్శనశాలలో బంధించి ఉంచిన తోడేళ్లను చూసి రాశాడు. చుట్టరికం లేని తోడేళ్లను ఒకే ఆవరణలో పడేస్తే కొట్లాడుకోక ఏం చేస్తాయి? తరవాత ఆ మాటకు బాగా ప్రచారం తెచ్చినవారిలో డేవిడ్ మెచ్ అనే తోడేళ్ల శాస్త్రవేత్త ఒకరు. ఆయనే కెనడాలోని ఎల్స్‌మియర్ దీవిలో ఏటేటా వేసవిలో అడవి తోడేళ్లను చూసి, 1999లో ఆ పదం వాటికి సరిపోదని రాశారు. అడవిలో మంద అంటే అమ్మ, నాన్న, పిల్లలు. సింహాసనాలు ఏమీ లేవు. అదీకాక మన ఇంట్లోవి తోడేళ్లు కావు.

గుర్రుమనడం మనకు అందే హెచ్చరిక. దాన్ని కొట్టి మాన్పిస్తే, తరవాత హెచ్చరిక లేకుండానే కరుస్తుంది.

గట్టిపిడి · జులై 27, రాత్రి 9:15

సరే, స్విట్జర్లాండ్ సంగతి నాకు తెలియదు. కానీ ఇంట్లో కూడా పట్టీ వేసి ఉంచితే ఆ చేయి తెగేది కాదు కదా, అది మాత్రం ఎవరూ చెప్పడం లేదు.

తెనాలిపెద్దమ్మ · జులై 27, రాత్రి 9:30

అది మాత్రం నిజం. ఈ ఒక్క మాటకు నీకు ఒక దోసె బాకీ.

ఉప్పుగాలి · జులై 28, ఉదయం 7:20

పెద్దమ్మగారూ, మీరడిగింది రాత్రంతా మనసులో మెదిలింది. మా హాల్లో దొంగల భయానికి పెట్టిన కెమెరాకు వంటింటి గడప కనిపిస్తుందని మావారికి గుర్తొచ్చింది. తీసి చూశాం.

దోసె పడకముందు ఏడు సెకన్లున్నాయి. చిట్టి నాలుక బయటపెట్టి నవ్వుతున్నట్టు కూర్చుని ఉంది. వరాలు రెండడుగులు ముందుకు వచ్చింది. చిట్టి నోరు టప్పున మూసుకుంది. తల కదలలేదు, కళ్లు మాత్రం పక్కకు తిరిగాయి, తెల్లగుడ్డు నెలవంకలా కనిపించింది. ఒళ్లంతా బొమ్మలా బిగుసుకుంది. తోక పైకి లేచి అలాగే ఆగిపోయింది. ఆ తరవాతే దోసె పడింది.

పాత వీడియోలు కూడా తిరగేశాం. జులై 19 నుంచి అదే మూసిన నోరు, అదే తెల్లగుడ్డు. నీళ్ల గిన్నె దగ్గర, సోఫా దగ్గర, నేను వరాలును నిమిరేటప్పుడు. రోజుకు పది సార్లయినా. మేమందరం కొత్తదాన్నే చూస్తూ కూర్చున్నాం.

తెనాలిపెద్దమ్మ · జులై 28, ఉదయం 9:00

నేనూ అదే చెప్పబోతున్నాను. కొత్తది తెచ్చాక కళ్లు పాతవాటి మీద పెట్టాలి.

ఇవాళ నుంచి ఏం చేయాలంటే, మెట్ల దగ్గర ఒక ఇనుప గేటు చేయించు. వెల్డింగ్ షాపులో చెబితే చేసిపెడతారు, కిందివైపు మెష్ వేయించు. పదిహేను రోజులు ఒకదానికొకటి కనిపించనే వద్దు, మెష్‌కు పాత దుప్పటి కట్టు. చిట్టి పడుకున్న గోనెపట్టా పైకి, వరాలు పడుకున్నది కిందికి, రోజూ మార్చు. ముందు వాసన అలవాటు కావాలి, చూపు తరవాత. గిన్నెలు వేరు, నీళ్లు వేరు, బొమ్మలూ ఎముకలూ నేల మీద ఏవీ ఉండకూడదు. నీ ఒడి కూడా ఆ జాబితాలోదే. ఒకటి చూస్తుండగా ఇంకోదాన్ని ముద్దు చేయకు.

మళ్లీ గొడవ పడితే చేతులు పెట్టకండి. తడి దుప్పటి మీద పడేయి, పీటో అట్టపెట్టో మధ్యలో దూర్చు, బకెట్టు నీళ్లు గుమ్మరించు. ఇద్దరుంటే చెరొకదాని వెనక కాళ్లు రెండూ తొడల దగ్గర పట్టుకుని, నాగలి లాగినట్టు వెనక్కి, కాస్త పక్కకి తిప్పుతూ లాగండి. తిప్పకపోతే వెనుదిరిగి నిన్నే అందుకుంటుంది.

ఆస్టిన్_ఆవకాయ · జులై 28, ఉదయం 10:45

పెద్దమ్మగారు చెప్పినదానికి ఒకటి కలుపుతాను. దుప్పటి తీశాక నేరుగా ఎదురెదురుగా నిలబెట్టకండి. ఇద్దరు మనుషులు రెండు కుక్కలను పట్టీలతో ఒకే దిశలో, దూరంగా, పక్కపక్కన నడిపించాలి. ముఖాలు ఎదురుపడకుండా కలిసి నడవడం కుక్కలకు తేలిక. ఎవరిదీ కాని చోటైతే మరీ మంచిది, ఊరి బయట మైదానమో పార్కో.

ఉప్పుగాలి · జులై 28, ఉదయం 11:30

ఎవరిదీ కాని చోటు విశాఖలో ఎక్కడుంది తమ్ముడూ! మా గేటు దాటగానే ఆరు వీధికుక్కలు ఊరేగింపుగా వెంటపడతాయి. బీచ్‌కు వెళ్తే అక్కడివి అక్కడ.

తెనాలిపెద్దమ్మ · జులై 28, ఉదయం 11:40

డాబా ఉంది కదమ్మా.

పశువైద్యం_ఓరుగల్లు · జులై 28, సాయంత్రం 7:50

వరాలును చూపించారా? ఏమన్నారు?

ఉప్పుగాలి · జులై 29, ఉదయం 8:15

టీకా వేశారు, నులిపురుగుల మందు ఇచ్చారు. పిడుదులు చాలా ఉన్నాయి, రక్తపరీక్షలో ప్లేట్‌లెట్లు కొంచెం తక్కువ. ఒక విషయం అడగాలి. వారం రోజులుగా పడుకున్నచోట రక్తపు చుక్కలు కనిపిస్తున్నాయి. ఎదకు వచ్చిందనుకుని డాక్టరుకు చెప్పనేలేదు. బండోడు అదే పనిగా అక్కడ నాకుతుంటాడు.

పశువైద్యం_ఓరుగల్లు · జులై 29, ఉదయం 8:40

రేపటిదాకా ఆగకండి, ఇవాళే మళ్లీ తీసుకెళ్లండి. ఎద కావచ్చు. కానీ వీధి నుంచి వచ్చిన ఆడకుక్కకు రక్తపు చుక్కలు పడుతుంటే నేను మొదట చూసేది టీవీటీ ఉందేమోనని. అంటే ఒక కుక్క నుంచి ఇంకోదానికి అంటుకునే క్యాన్సర్ గడ్డ. జత కట్టినప్పుడు, నాకినప్పుడు, వాసన చూసినప్పుడు బతికి ఉన్న క్యాన్సర్ కణాలే ఒక కుక్క నుంచి ఇంకో కుక్కలోకి నాటుకుంటాయి. వైరస్ కాదు, ఆ గడ్డ కణాలే అంటుకుంటాయి. మన దేశపు వీధికుక్కల్లో బాగా కనిపిస్తుంది. నాకిన కుక్కకు ముక్కులోనో నోటిలోనో రావచ్చు. బండోడిని కూడా చూపించండి.

భయపడకండి, మందుకు బాగా లొంగే క్యాన్సర్లలో ఇదొకటి. ప్లేట్‌లెట్ల సంగతి వేరు. పిడుదుల నుంచి వచ్చే ఎర్లిషియా అనే జబ్బు ఉంటే నాలుగు వారాల డాక్సీసైక్లిన్ వాడతారు. ముక్కు నుంచి రక్తం వస్తే ఆగకుండా పరుగెత్తండి. పిడుదులు గోడల సందుల్లో గుడ్లు పెడతాయి కాబట్టి మూడు కుక్కలకూ ఒకే రోజు మందు వేయాలి. ఒక్కదానికే వేస్తే లాభం లేదు.

ఉప్పుగాలి · జులై 30, రాత్రి 10:05

టీవీటీయే. వేరుశనగ కాయంత గడ్డ లోపల ఉంది. బండోడికి ఏమీ లేదు, కొన్ని నెలలు గమనించమన్నారు. వరాలుకు ఇవాళే విన్‌క్రిస్టిన్ అనే క్యాన్సర్ మందు మొదటి ఇంజెక్షన్. వారానికొకటి, నాలుగు నుంచి ఆరు పడవచ్చట. ప్రతిసారీ ముందు రక్తపరీక్ష. గడ్డ పూర్తిగా పోయి, రక్తం కుదుటపడ్డాకే పిల్లలు పుట్టకుండా ఆపరేషన్.

ఇంటికి వచ్చాక మెట్ల మీద కూర్చుని కాసేపు ఏడ్చాను. మావారు ఏమీ అనలేదు. వెల్డింగ్ షాపుకు ఫోన్ చేసి గేటు చెప్పారు.

పశువైద్యం_ఓరుగల్లు · జులై 31, ఉదయం 6:55

మీ ఇంట్లో మూడు కుక్కలున్నాయి కాబట్టి ఒక ముఖ్యమైన సంగతి. ఆ మందు ఎక్కువగా మలం ద్వారా బయటికి పోతుంది. ఇంజెక్షన్ తరవాత మూడు నాలుగు రోజులు వరాలు మలమూత్రాలు, వాంతి మీరు గ్లవ్స్ వేసుకునే తీయాలి, మిగతా కుక్కలు ఆ చోటికి వెళ్లకూడదు. గర్భిణులు, చిన్నపిల్లలు ముట్టకూడదు. మలబద్ధకం, తిండి మానడం మామూలే. జ్వరం వస్తే మాత్రం ఫోన్ చేయండి, తెల్లరక్తకణాలు పడిపోయి ఉండవచ్చు. సొంతంగా పారాసెటమాల్ మాత్ర వేయకండి, కుక్కలకు అది విషం కాగలదు.

ఒంటరితోక · ఆగస్టు 2, రాత్రి 11:20

ఇక్కడ రాయాలా వద్దా అని మూడు రోజులు ఆలోచించాను. రెండేళ్ల కిందట మేమూ ఇలాగే రెండో ఆడకుక్కను తెచ్చుకున్నాం. గేట్లు, వేర్వేరు గదులు అన్నీ చేశాం. పదకొండు నెలల్లో నాలుగు గొడవలు, చివరిదాంట్లో మా పాతదానికి కన్ను పోయింది. అప్పుడు కొత్తదాన్ని కుక్కలు లేని ఇంటికి ఇచ్చేశాం. అక్కడ అది హాయిగా ఉంది, ఫొటోలు పంపుతారు.

ఎవరూ తిట్టకముందే చెబుతున్నాను, మళ్లీ ఆ పరిస్థితి వస్తే ఆరో నెలలోనే ఇచ్చేస్తాను. రోజంతా తలుపులు లెక్కపెట్టుకుంటూ బతికాం. ఉప్పుగాలిగారూ, మీవారి మాటను మరీ కొట్టిపారేయకండి. ఇవ్వాల్సివస్తే మాత్రం మనుషులను చూసి, ఇల్లు చూసి ఇవ్వండి.

తెనాలిపెద్దమ్మ · ఆగస్టు 3, ఉదయం 5:50

ఎవరు తిడతారమ్మా? ఒకే ఇంట్లో రెండు ఆడకుక్కలకు పడకపోతే అది మగవాటి కొట్లాటలా తేలిగ్గా ఆగదు. నేనూ 2011లో ఒకదాన్ని మా మరిది ఇంటికి పంపాను. ఆ సంగతి ఇన్నాళ్లూ ఇక్కడ చెప్పలేదు.

ఐదోఅంతస్తు · హైదరాబాద్ · ఆగస్టు 24, సాయంత్రం 4:30

మధ్యలో వస్తున్నందుకు క్షమించాలి. మాదీ ఇలాంటి కథే, కానీ అపార్ట్‌మెంట్. మా లిఫ్ట్ దగ్గర పడుకునే వీధికుక్కను ఇంట్లోకి తెచ్చుకోవాలని ఉంది. ఇంట్లో ఒక బీగిల్ ఉంది. రెండో కుక్క అంటూ సంఘం వారు అభ్యంతరం చెప్పవచ్చా? కలిసి ఉండడం కుదరకపోతే మళ్లీ కిందే వదిలేయవచ్చా? అది ఎలాగూ అక్కడి కుక్కే కదా.

ఆస్టిన్_ఆవకాయ · ఆగస్టు 24, రాత్రి 9:10

రెండో ప్రశ్నకు జవాబు మొన్ననే వచ్చింది. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంలో, వీధికుక్కను దత్తత తీసుకున్నవారు అది తిరిగి వీధిలోకి రాకుండా చూసుకోవాల్సిన బాధ్యత వారిదేనని ఉంది. ఆదేశం సంగతి పక్కన పెట్టినా, మూడు నెలలు పరుపు మీద పడుకున్న కుక్కను కింద వదిలితే అక్కడి గుంపు మళ్లీ రానివ్వదు.

మొదటిదానికి, పెంపుడు కుక్కలను పూర్తిగా నిషేధించే అధికారం నివాసుల సంఘాలకు లేదని జంతు సంక్షేమ బోర్డు ఎప్పటినుంచో చెబుతోంది. పట్టీ, శుభ్రత, టీకా కార్డు మాత్రం మీ బాధ్యత.

ఉప్పుగాలి · ఆగస్టు 30, రాత్రి 9:00

నెల రోజులుగా రాయలేదు, క్షమించండి. ఐదో ఇంజెక్షన్ మొన్న పడింది. గడ్డ కనిపించడం లేదన్నారు! రెండో ఇంజెక్షన్ తరవాత మూడు రోజులు ఏమీ తినలేదు. అత్తగారు మజ్జిగన్నం చేత్తో ముద్దలు చేసి గోడవైపు తిరిగి కూర్చునేవారు. మనం చూస్తుంటే తినదు, చూడకపోతే తింటుంది.

గ్లవ్స్, వేరే గది, వేరే వేళలు. వీటివల్ల కావాలన్నా కలపలేని పరిస్థితి. మందు లేకపోతే మేము పదిహేను రోజులు కాదు కదా, నాలుగో రోజే దుప్పటి తీసి చూసేవాళ్లం. మా సంగతి మాకు తెలుసు.

దుప్పటి ఆగస్టు 16న తీశాం. ఆ మర్నాటి నుంచి డాబా. పొద్దున ఐదున్నరకే, నేల వేడెక్కకముందే. మధ్యలో నీళ్ల ట్యాంకు, ఇటు నేనూ చిట్టీ, అటు మావారూ వరాలూ. ఉడికించిన కోడిమాంసం గోరంత ముక్కలు జేబులో. ట్యాంకు పక్క నుంచి వరాలు కనిపించిన క్షణం చిట్టికి ముక్క, కనిపించకుండా పోగానే ముక్కలు బంద్. మొదటి రోజు చిట్టి ముక్కను నోట్లో పెట్టుకుని మింగడం మరచిపోయింది. పదో రోజుకు, వరాలు కనబడగానే నా జేబువైపు చూస్తోంది.

వినాయక చవితి నాడు మాత్రం ప్రాణం పోయినంత పనైంది. చుట్టాల అబ్బాయి గేటు తీసి వదిలేశాడు. వరాలు దిగి నేరుగా పీట దగ్గరికి, ఉండ్రాళ్ల పళ్లెం ముందుకు వచ్చింది. చిట్టి అక్కడే ఉంది. నోరు మూసుకుంది. గట్టిపిడిగారి పుణ్యమా అని వరాలు మెడకు ఇంట్లో కూడా తేలికపాటి పట్టీ ఈడుస్తూ ఉంటుంది. అత్తగారు దాని కొస మీద కాలు వేసి నిలబడ్డారు. అంతే, నోటితో ఒక్క మాట లేదు. నేను చిట్టిని పిలిచాను, వచ్చింది. పూజలో ఉన్న మావారికి ఈ సంగతి తరవాతే తెలిసింది.

గట్టిపిడి · ఆగస్టు 30, రాత్రి 9:20

నా పేరు మంచి విషయంలో వచ్చినందుకు సంతోషం. మీ అత్తగారికి నమస్కారాలు చెప్పండి.

పశువైద్యం_ఓరుగల్లు · ఆగస్టు 31, ఉదయం 7:05

శుభవార్త. పండుగ మాట వచ్చింది కాబట్టి చెబుతున్నాను. పాయసం, చక్కెర పొంగలి కుక్కలకు అందనివ్వకండి. అందులోని కిస్మిస్ వాటి మూత్రపిండాలను దెబ్బతీయవచ్చు. కొన్ని కుక్కలకు కొద్దిగా తిన్నా ప్రమాదమే.

ఉప్పుగాలి · అక్టోబరు 22, ఉదయం 10:30

దీపావళి అయిపోయింది, అందరూ క్షేమం. వరాలుకు సెప్టెంబరు నెలాఖరున ఆపరేషన్ అయింది.

టపాసులు మొదలయ్యే వేళకు మధ్య గదిలో కిటికీలు మూసి, పరుపులు ఆనించి, ఫ్యాను గిరగిరా పెట్టాం. బండోడు మంచం కింద. చిట్టికి టపాసుల భయం లేదు. వరాలు మాత్రం వణికిపోతోంది, పళ్లు టకటకలాడడం వినిపిస్తోంది. గేటు వేసి దాన్ని అవతలివైపు ఉంచాం. పదకొండు గంటలకు చూస్తే, చిట్టి గేటు దగ్గరికి వెళ్లి వీపు మెష్‌కు ఆనించి పడుకుని ఉంది. అవతల వరాలు వీపు కూడా మెష్‌కే ఆని ఉంది. మెష్ కన్నాల్లోంచి తెల్ల వెంట్రుకలు అటు, ఎర్ర వెంట్రుకలు ఇటు. ఎంతసేపు అలా ఉన్నాయో తెలియదు. మర్నాడు పొద్దున వరాలు గేటు దగ్గరికి వస్తే చిట్టి మళ్లీ గుర్రుమంది, అదీ చెప్పాలి.

తిండి ఇప్పటికీ మూడు గదుల్లోనే. ఇంట్లో మనుషులు లేకపోతే గేటు పడాల్సిందే. డాబా మీద మాత్రం పట్టీలు లేకుండా పావుగంట తిరుగుతున్నాయి. అత్తగారు మళ్లీ దోసెలు పోస్తున్నారు. చివర్లో చిన్నవి మూడు, ఉప్పు లేనివి, ఒక్కొక్క తలుపు దగ్గరికి స్వయంగా తీసుకెళ్లి ఇస్తారు. మావారు ‘వేరే ఇల్లు’ మాట ఎత్తి రెండు నెలలైంది. నేనూ గుర్తు చేయడం లేదు.

తెనాలిపెద్దమ్మ · అక్టోబరు 22, ఉదయం 10:50

చిట్టి గుర్రుమననీ. అది మాట్లాడుతున్నంతకాలం నీకు దిగులు లేదు. బండోడి ముక్కు చూస్తున్నావా?

ఉప్పుగాలి · అక్టోబరు 22, ఉదయం 11:05

ప్రతి ఆదివారం టార్చి వేసి చూస్తున్నాం పెద్దమ్మగారూ. ఏమీ లేదు. వాడు దాన్ని ఏదో సేవ అనుకుని కళ్లు మూసుకుంటాడు.

ఐదోఅంతస్తు · అక్టోబరు 22, మధ్యాహ్నం 1:15

మేము తెచ్చేసుకున్నాం! నాలుగో రోజు. ఇంతవరకూ చాలా ప్రశాంతంగా ఉంది, ఎంత మంచి కుక్కో.

తెనాలిపెద్దమ్మ · అక్టోబరు 22, మధ్యాహ్నం 1:20

బీగిల్ నోరు చూడు నాయనా.

ఐదోఅంతస్తు · అక్టోబరు 22, మధ్యాహ్నం 1:45

చూశాను. ఇవాళే వెల్డింగ్ షాపుకు వెళ్తున్నాను. ఉప్పుగాలిగారూ, మీ గేటు ఎత్తు ఎంత?

ఉప్పుగాలి · అక్టోబరు 22, మధ్యాహ్నం 2:00

మూడున్నర అడుగులు. చిట్టికి అందదు, బండోడికి ఓపిక లేదు. వరాలు తలచుకుంటే ఒక్క గెంతు. ఇంతవరకూ తలచుకోలేదు.